వర్లిన్ తరపు సాక్ష్యం

జింకల వేట మామూలైన మా కొండల్లోని కోర్టు. పందొమ్మిదేళ్ళప్పుడు ఓ ఇంటికి కన్నం వేసి జైలుకెళ్ళొచ్చిన వర్లిన్, తుపాకీ పట్టే హక్కు తిరిగిమ్మని అర్జీ పెట్టుకున్నాడు. సర్కారు వకీలు సాక్షిని అడుగుతున్నాడు.

"...అంటే ఓపల్ గారూ, దొంగతనం జరిగింది మీ ఇంట్లోనే. అయినా వర్లిన్ తరపున చెప్పడానికొచ్చారు."

"వచ్చానయ్యా. ఆ వయసులో వాడి బుర్రలో గుజ్జు లేదు. నీకుండేదా? స్కూలు బస్సు నడిపినదాన్ని, మీ అందరి బండారం నాకు తెలుసు."

"జడ్జిగారి ముందు నా బండారం ఎందుకులెండి. ఇప్పుడు మారాడంటారా?"

"మారడమా! మా ఆయన పోయాక నా ఇంటికప్పు వేసిందెవరు? చలికాలం కట్టెలు కొట్టిపెట్టేదెవరు? కన్నకొడుకు ఫోనైనా చెయ్యడు. వర్లిన్ కూతురు వేటకెళ్ళే ఈడుకొచ్చింది. తండ్రి జైలుకెళ్ళొచ్చినవాడని ఆ ఇంట్లో తుపాకీ ఉండకూడదాయె. వేటకి తీసుకెళ్ళమని ఆ పిల్ల అడిగినప్పుడల్లా వీడు మొహం చాటేస్తున్నాడు. చూడలేకపోతున్నానయ్యా. ఆ హక్కేదో ఇచ్చి పుణ్యం కట్టుకోండి."

"జడ్జిగారూ, ఇంత చెప్పాక నేను మాత్రం ఏం కాదనను? అర్జీకి మా అభ్యంతరమేమీ—"

"ఉండవయ్యా, ఇంకా అవలేదు! ఏటేటా నా ఫ్రీజరు నిండా జింక మాంసం పెట్టేదీ వాడే."

"మాంసమా... కొనిస్తాడా?"

"జింక మాంసం కొంటారటయ్యా ఎవరైనా! వేటాడి కొట్టుకొస్తాడు."

"ఓపలమ్మా, చాలమ్మా. దిగిరా."

"నువ్వుండరా వర్లిన్. మంచి చెప్తుంటే సిగ్గెందుకు?"

"ఓపల్ గారూ, నిదానంగా ఆలోచించి చెప్పండి. బాణమైతే తప్పులేదు. బాణంతోనే కదూ కొట్టేది?"

"భుజం విరిగినవాడు విల్లేం లాగుతాడు? మా ఆయన తాతల నాటిది ఉందిగా, గొట్టంలో మందు కూరి కాల్చేది. అది తుపాకీ కింద లెక్కకి రాదటగా, అందరూ అంటారు."

"అమ్మా, జడ్జిని నేను చెప్తున్నా వినండి. పక్క రాష్ట్రంలో రాదేమో. మన దగ్గర అదీ తుపాకీయే. జైలుకెళ్ళొచ్చినవాడు పట్టుకుంటే మళ్ళీ జైలే."

"అయ్యో దేవుడా! అయితే... అయితే తప్పు చెప్పానండీ. కొట్టలేదు. కొనుక్కొచ్చాడు."

"ప్రమాణం చేసి చెప్పారమ్మా."

"నా నోరు పడిపోనూ! మరి వాడి హక్కు?"

"హక్కు మాట ఇక మర్చిపోండి. ఆ తుపాకీ అతని చేతికి ఎవరిచ్చారు? ఇచ్చినవాళ్ళకీ శిక్ష తప్పదు."

"ఎవరేమిటండీ, మా గోడకే వేలాడేది. నేనే—"

"ఆవిడివ్వలేదు జడ్జిగారూ!"

"వర్లిన్, కూర్చో. ఇప్పుడు నోరు విప్పితే నీకే చేటు."

"ఒరే, ఊరుకోరా! నేనే కదరా నీకు—"

"ఆవిడ మాట నమ్మకండి, రాసుకోండి. మళ్ళీ ఆవిడ ఇంట్లోనే దొంగతనం చేశాను."