ఖమీసా తలపాగాకు చిక్కిన సూర్యుడు

జైసల్మేర్ కోట గుమ్మం పక్కన జేఠూ చాయ్ కొట్టు. ఆ పొద్దున ఒంటెలు తోలే ఖమీసా ఖాన్ గొంతు మామూలుకంటే రెండింతలు లేచింది. కారణం ఎదురుగా బల్లమీదే కూర్చుని ఉంది. సమ్ ఇసుక తిన్నెల్లో గుడారాలు నడిపే తేజ్‌సింహ్ గారు, మర్నాడు ఇరవైమంది అతిథుల్ని తీసుకెళ్ళే ఒంటెల బారుకి పెద్ద ఎవరో ఇప్పుడే తేల్చేస్తానన్నారు. ఆ పెద్దరికం కోసం ఖమీసా మూడేళ్ళుగా కాచుకున్నాడు. ఇవాళా రాకపోతే ఇంట్లో మొహం చూపించలేడు.

"అయ్యా, హుకుం, గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు. నిన్న జరిగింది జరిగినట్టు చెబుతా. కలకత్తా నుంచి ఒక బెంగాలీ జంట వచ్చారు, దాదా, ఆయన భార్య బౌదీ. పొద్దున హవేలీలు చూపించా, గడీసర్ చెరువులో చేపలకి మేత వేయించా, మధ్యాహ్నం మా ఒంటె తూఫాన్ మీద ఎక్కించి పాడుబడ్డ ఊరు కులధారా పట్టుకెళ్ళా."

"ఇందులో గొప్పేముంది? మా బావమరిది రోజూ చేసే పనే," అన్నాడు జేఠూ చాయ్ వడకడుతూ.

"ఆగవోయ్! కులధారాలో రెండొందల ఏళ్ళుగా పొయ్యి వెలగలేదు కదా? నన్ను చూడగానే ఒక పాడుగడపలోంచి చెయ్యి బయటికొచ్చింది, చేతిలో మజ్జిగ చెంబు! 'ఖమీసా, ఎండన పడొచ్చావు, తాగు నాయనా' అంది. దయ్యాలు కూడా నన్ను పేరుపెట్టి పిలుస్తాయి హుకుం!"

"ఉప్పు వేసిందా?" అన్నాడు జేఠూ.

"జీలకర్ర కూడా వేసింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలి లేచింది. అట్లాంటిట్లాంటి గాలి కాదు, మేకల్ని కొమ్ములు పట్టి ఎగరేసే గాలి! ఇంతింత ఎత్తు ఇసుక తిన్నె ఒకటి కదిలి మా మీదికే వస్తోంది. బౌదీ కళ్ళు మూసుకుంది. నేను తూఫాన్ చెవిలో ఒక్క మాట ఊదా, అంతే, ఒక్క గెంతులో తిన్నె నెత్తికెక్కింది! ఇంకేం, తిన్నె పరిగెడుతోంది, పైన మేం కూర్చున్నాం, కింద ఖాభా కోట గిర్రున వెనక్కిపోయింది. సమ్‌లో దిగేసరికి సూర్యుడు సగం మునిగిపోయాడు. బౌదీ ఒకటే ఏడుపు, ఇంతదూరం వచ్చింది దీనికే కదా అని. అతిథి కంట నీళ్ళు చూస్తానా నేను? పద్దెనిమిది గజాల తలపాగా విప్పా, ఉచ్చు వేసి విసిరా, సూర్యుడి మెడకి పడింది! తూఫాన్ జీనుకి కట్టేసి అరగంట ఆపా. ఊళ్ళో మేకలు ఇంటికి రావట్లేదని ఆడవాళ్ళు శాపనార్థాలు పెడతారని వదిలేశాగానీ, లేకపోతే ఇంకా అక్కడే ఉండేవాడు!"

జేఠూ గిన్నె దించి మరీ నవ్వాడు. తేజ్‌సింహ్ గారు మీసం కింద నవ్వు దాచుకుని, మూలన కూర్చున్న పేమారామ్ వైపు తిరిగారు. పేమారామ్ జాడలు చూసే మనిషి. తప్పిపోయిన పశువుల్ని అడుగులు చూసి పట్టిచ్చే ఇంట పుట్టాడు. "నువ్వు ఈ పొద్దున సమ్ నుంచి ఆ దారినే వచ్చావు కదా కాకా?"

"వచ్చా," అన్నాడు పేమారామ్. "నిన్న గాలి లేదు హుకుం. పేడపురుగు నడిచిన గీత కూడా చెరగలేదు. కులధారా దగ్గర దాదా, బౌదీ అడుగులు జీపు చక్రాల పక్కన ఆగిపోయాయి. అక్కణ్ణుంచి ఒంటె ఒక్కటే పరుగు. ఒంటె మీద కూర్చుంటే మనిషికి అడుగులుండవు. ఒంటెని నడిపిస్తే మనిషి అడుగు మీద ఒంటె అడుగు పడుతుంది. ఇక్కడ ఒంటె అడుగు మీద ఖమీసా చెప్పు పడింది."

"అది... దానికి బరువని దిగి నడిచా కాకా!"

"అడుగుకీ అడుగుకీ మధ్య మూడు మూరలుంది రా, అది నడకా? రెండు క్రోసుల తర్వాత ఒక చెప్పే. ఇంకో క్రోసు తర్వాత తుమ్మచెట్టు కింద వెడల్పాటి గుంట. ఒంటె కూర్చున్నది కాదు, నువ్వు చతికిలపడ్డది. అక్కడితో నీ జాడ ఆఖరు."

ఖమీసా చల్లారిన చాయ్ అందుకుని గటగటా తాగేశాడు.

"మరి ఒంటె?" అన్నారు తేజ్‌సింహ్ గారు.

"అది దారి తప్పలేదు హుకుం. నేరుగా సమ్ వెళ్ళింది. మిగతా ఒంటెల వరసలో తన చోట మోకాళ్ళేసి కూర్చుంది, పడమటికి తిరిగి."

తేజ్‌సింహ్ గారు లేచి భుజం మీద కండువా సర్దుకున్నారు.

"సరే, తేలిపోయింది. రేపు బారుకి పెద్ద తూఫాన్. ఖమీసా, నువ్వు రెండు చెప్పులూ వేసుకుని దాని వెనకాలే రా."