తాత చేతిలో కుక్క తాడు

ఏరా శంకరం, సిగ్గు లేదూ నీకు? మెట్ల మీద కిళ్లీ ఉమ్మింది నువ్వే. కాదనకు. నీ పెదవులు చూసుకో అద్దంలో, అవే చెప్తున్నాయి. ఇప్పుడే కదా నేను ఆ మెట్లు కడిగాను, ఈ వయసులో, ఈ నడుముతో. కింద వాటాలో ఉన్న బర్మావిడ, ఆ డా మియా, ఏటనుకుంటాది? ఈ బర్మాలో, ఈ తాకేటా పేటలో ఇన్నేళ్లుగా ఉంటున్నాం, మనింటి ముందు మరక ఉందని ఎవరిచేతా అనిపించుకోలేదు. రా, ఆ బక్కెట్టు పట్టు. బ్రష్షు అదిగో. పై మెట్టు నుంచి మొదలెట్టు.

ఏటి? ఫొటోయా? లోపల గోడ మీదున్న పెళ్లి ఫొటోయేనా? అందులో మీ తాత అందరికన్నా వెనకాల కుక్కని పట్టుకుని ఎందుకు నిలబడ్డాడు అనా? మాట మార్చడంలో నువ్వు అచ్చం మీ తాతవే. సరే, చెప్తాను. నీకు చెప్పాల్సిన కతే అది. తోముతూ విను. నీ చెయ్యి ఆగితే నా నోరూ ఆగుతాది.

మీ తాత సింహాచలం నాకు తమ్ముడు. మింగళాడోన్ ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించే పని చేసి రిటైరయ్యాడు. అక్కడ వాడి బర్మా పేరు ఊ చో మిన్. ఏ పేరుతో పిలిచినా ఒకటేలే, నోట్లో కిళ్లీ ఉండేది, "ఊఁ" అనడం తప్ప ఇంకో మాట వచ్చేది కాదు. మా నాన్న రేవులో బస్తాలు మోసీవోడు. పది ప్యాలు, చిల్లర నాణేలు, ఇస్తే చేతినిండా కిళ్లీలొచ్చే రోజులవి, అయినా ఆయన ఒక్కటి నోట్లో పెట్టుకోలేదు. "నోరు శుబ్రంగా లేనోడి మాట ఎవడు నమ్ముతాడే" అనీవోడు నాతో. వీడికీ చెప్పాడు. వీడు "ఊఁ" అన్నాడు.

ఆ మూల వదిలీసావ్. గట్టిగా తోము.

మరి మీ తిరి అత్త ఉంది కదా, వాడి కూతురు. వేల్స్ అని, ఇంగ్లండు పక్కన కొండల దేశం, అక్కడ ముసలోళ్లని చూసుకునే హోములో నర్సు. అక్కడే గారెత్ అని ఒక గొర్రెల రైతు కొడుకుని ఇష్టపడింది. నెమ్మదైన కుర్రోడు. పెద్దోళ్లు గదిలోకొస్తే లేచి నిలబడతాడు. నువ్వు లేస్తావా? పెళ్లికి మీ తాతనీ నన్నూ రమ్మని టిక్కెట్లు పంపింది. మీ నాయినమ్మ అప్పటికే పోయింది కదా, తల్లి స్తానంలో నేనెళ్లాను.

మేము దిగిన రోజే ఆ పిల్ల వంటింట్లో తండ్రిని నిలదీసింది. "నాన్నా, నీకు ఏ అలవాటూ లేదని గారెత్ వాళ్ల నాన్నకి చెప్పాను. ఇక్కడ నాకు నువ్వూ అత్తా తప్ప చుట్టమెవరూ లేరు, నిన్ను చూసే వీళ్లు నన్ను చూస్తారు. పెళ్లయ్యేదాకా కిళ్లీ ముట్టుకోనని చెప్పు," అంది. వీడు పెద్ద ప్రేమగా కుడి చెయ్యి దాని నెత్తి మీద పెట్టాడు. "నీమీదొట్టు తల్లీ" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను, ఉల్లిపాయలు తరుగుతున్నాను. కన్నబిడ్డ తలమీద ఒట్టంటే ఆటా? నమ్మీసాను.

వాడి సామాన్లు ఏటనుకున్నావ్? తడిగుడ్డలో చుట్టిన తమలపాకులు లుంగీ మడతల్లో ఉన్నాయి. వక్క, పొగాకు మేజోళ్లలో. సున్నం నా తనకా డబ్బాలో! నేను మొహానికి రాసుకునే తనకా డబ్బా, అది ఖాళీ అయిందని పక్కన పెడితే, అందులో సున్నం నింపీసాడు. జన్మంతా సామాన్లు ఎక్కించినోడు కదా, ఎక్కడ దాస్తే ఎవడూ వెతకడో వాడికి తెలుసు. ఇవన్నీ నాకు తర్వాత తెలిసాయనుకో.

గారెత్ తండ్రి పేరు హ్యూ. పెద్దమనిషి కదా, ఒట్టి పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాక, మనం ఇక్కడ పెద్దోళ్ల పేరు ముందు ఊ తగిలించినట్టు, ఊ హ్యూ అనీదాన్ని. ఆయనకది తెగ నచ్చింది, పెళ్లాం చేత కూడా అలాగే పిలిపించుకున్నాడు. మా పొలం మీద అడివుంది, చూపిస్తాను రండని ఒక పొద్దున్న మమ్మల్నందర్నీ తీసుకెళ్లాడు.

అడివంటే నేను మన పెగూ యోమ కొండల్లో టేకు అడివి అనుకున్నాను. నిటారుగా ఉంటాదనుకున్నాను. అక్కడ ఓక్ చెట్లురా, ఒక్కటి తిన్నగా లేదు. గాలికి వంగి, మెలికలు తిరిగి, పింఛను క్యూలో ముసలోళ్లలాగ ఒకదాని భుజం మీద ఒకటి వాలిపోయి ఉన్నాయి. కొమ్మలకి బూడిదరంగు గడ్డాలు వేలాడుతున్నాయి. చెట్టు కొమ్మ మీదే ఫెర్న్ మొక్కలు, మన ఊళ్లో తామ్వే పేటలో పాత బిల్డింగుల గోడల్లోంచి మొలుస్తాయి చూడు, అలగ. నీళ్లు కనపడవు, రాళ్ల కిందనుంచి గలగలమని మాటాడుతుంటాయి. వాసనేమో తడిసిన గోనె వాసన. రేవు నుంచి వచ్చిన మా నాన్న చొక్కా వాసన.

ఇక పాచి! రాయికి పాచి, మానుకి పాచి, పడిపోయిన దుంగకి పాచి, చెయ్యి పెడితే మణికట్టుదాకా దిగిపోతాది, పరుపులాగ. వానాకాలం వస్తే ఈ మెట్ల మీద పాచి గోకడానికే నా బతుకు సగం పోయింది కదా, అక్కడ కొండంతా పట్టీసుంటే ఒక్కడూ గోకలేదు. నాకు ప్రాణం ఒప్పలేదు. గొడుగు కొనతో ఒక రాయిని గోకబోయాను. ఊ హ్యూ గబుక్కున వచ్చి గొడుగు పట్టుకున్నాడు. తిరి నాకు చెప్పింది, "అత్తా, ఆ పాచి వాళ్ల తాత పుట్టకముందు నుంచీ ఉందట. ఒకసారి పోతే మళ్లీ రావడానికి ఒక మనిషి జీవితం పడతాదట. ఆయన గొర్రెల్ని కూడా ఇటు రానివ్వడు." మనకి మురికి, ఆయనకి అది దేవుడి పటం. నేను గొడుగు చంకలో పెట్టీసి దణ్ణం పెట్టాను. ఎవరి దేవుడైనా దేవుడే.

ఇంకోటి విను. ఆ దేశంలో రోజూ వానే. మేము దిగిన కాడ్నుంచీ తుంపరే. ఆ ఒక్క రోజు మాత్రం పొడిగా ఉంది, ఎండ కాసింది. మీ తాత రాత.

ఇంకా పైకి ఎక్కడం నా మోకాళ్ల వల్ల కాలేదు. అడివి మొదట్లో ఒక రాతిగోడ ఉంటే, తిరి నన్ను దాని మీద కూచోబెట్టి ఫ్లాస్కు ఇచ్చి నా పక్కనే ఉండిపోయింది. గారెత్, ఊ హ్యూ ముందు ఎక్కుతున్నారు. మీ తాత, "మీరు పదండి, కాళ్లు పీకుతున్నాయి, నెమ్మదిగా వస్తాను" అన్నాడు. ఎంత వినయం! వాళ్లు మలుపు తిరగ్గానే బుగ్గకొకటి, రెండు కిళ్లీలు బిగించాడు.

ఇక అక్కణ్నుంచి మలుపుకొక ఉమ్ము. ఆ పచ్చటి పాచి మీద ఎర్రగా. ఈ ఊళ్లో అయితే ఎవడూ తిరిగి చూడడు, రోడ్డంతా అదే రంగు. అక్కడ?

వెనకాల్నుంచి ఇద్దరు ఆడోళ్లు నడుచుకుంటూ ఎక్కారు. ఆటవిడుపుగా కొండలెక్కుతారు వాళ్లు. ఒక రాయి చూసారు, రెండోది చూసారు, మూడోదానికి కేకలు పెట్టుకుంటూ ఊ హ్యూ దగ్గరికి పరిగెత్తారు. "రక్తం! తాజా రక్తం! పైదాకా ఉంది!"

ఊ హ్యూ ఎవరనుకున్నావ్? ఆ కొండల్లో ఎవరైనా తప్పిపోతే, దెబ్బ తగిలితే, వెతకడానికి వెళ్లే గుంపుకి పెద్ద ఆయన. జీతం లేదు, ఊరోళ్లే, పని మానుకుని వచ్చీస్తారు. ఆయన ఫోను చేసాడు. చూస్తుండగానే మేము కూచున్న గోడ ముందునుంచి నారింజరంగు కోట్లు, తాళ్లు, మనిషిని మోసే స్ట్రెచర్, నెల్ అని ఒక నల్ల కుక్క, అందరూ పైకి పరిగెత్తారు. తిరి నర్సు కదా, దాన్ని కిందే దుప్పట్లు, పట్టీలు సిద్దం చేసుకుని ఉండమన్నారు. ఆ పిల్ల కళ్లమ్మట నీళ్లు. "ఎవరి మనిషో అత్తా, ఇంత రక్తం పోతే బతకడు" అంది. నేను వెంకన్నకి మొక్కుకున్నాను కూడా. ఆ మొక్కు ఇప్పుడు ఎవరి ఖాతాలో వెయ్యాలో నాకు తెలీదు.

పైన ఏం జరిగిందో గారెత్ తర్వాత చెప్పాడు. ఊ హ్యూ ముందు తనతో వచ్చినోళ్లంతా బాగున్నారా అని చూసుకున్నాడు. మీ తాత ఒక చెట్టు చాటునుంచి బయటికొచ్చాడు, నోరు మూసుకుని. "మీరు బాగున్నారా?" అంటే "ఊఁ." "ఎవర్నైనా చూసారా?" అంటే అడ్డంగా తల. "అయితే మాతో వెతకండి" అంటే, "ఊఁ."

వెతికాడురా! తన ఉమ్ముని తానే వెతుక్కుంటూ అందరితో పాటు తిరిగాడు. చెయ్యి అడ్డం పెట్టుకుని దూరాలు చూసాడు. పొదలు ఎత్తి చూసాడు. కానీ నోట్లో ఉన్నది మింగలేడు కదా, పొగాకు. ఎవరూ చూడకుండా పక్కకెళ్లి ఉమ్మీవోడు. వాళ్లు ఆ రాయి కనిపెట్టి, "ఇక్కడా ఉంది! ఇంకా బతికే ఉన్నాడు! కదులుతున్నాడు!" అని ఉత్సాహంగా అటు పరిగెత్తీవోరు. వీడూ వాళ్ల వెనకాలే. అలాగ ఆ కొండంతా తిప్పాడు మహానుబావుడు.

నవ్వకు. తోము.

మనుషుల్ని మోసం చేసావ్, కుక్కనెలా చేస్తావ్? ఆ నెల్ మరక వాసన చూసింది, నేరుగా వచ్చి మీ తాత ముందు కూచుని మొరిగింది. "ఆయన మనోడే నెల్, రా" అని ఊ హ్యూ లాగాడు. అది వెళ్లింది, ఇంకో మరక చూసింది, మళ్లీ వచ్చి మీ తాత ముందే కూచుంది. మూడోసారి వీడు పొద ఎత్తుతూ వంగున్నాడు, దాని తోక ముక్కుకి తగిలి వీడికి తుమ్మొచ్చింది. అంతే. పెళ్లికని కొన్న తెల్ల చొక్కా మొత్తం ఎరుపు.

"దేవుడా, ఈయనే!" అని అందరూ మీద పడ్డారు. ఒకడు తల పట్టుకున్నాడు, ఒకడు కాళ్లు. ఒక్క మాట చెప్తే అయిపోను. చెప్పలేదు. "అమ్మా" అని మూలిగి కళ్లు మూసుకున్నాడు! వెండికాగితం లాంటి దుప్పటి చుట్టి, బెల్టులు బిగించి, ఆ జారుడు రాళ్ల మీద నుంచి పీనుగుని దించినట్టు దించారు. వాళ్ల చెమటలు, వాళ్ల ఆయాసం. వీడు హాయిగా ఊగుతూ వచ్చాడు.

గోడ దగ్గరికొచ్చేసరికి తిరి చూసింది. "నాన్నా!" అని అరిచిన అరుపు నాకింకా చెవుల్లో ఉంది. పరిగెత్తి, పెదవులు తెరిచి నోట్లోకి చూసింది. నేనూ వంగాను. రక్తానికి లవంగం వాసన వస్తాదేట్రా? ఆ పిల్ల వాడి దవడలోంచి ఒక వక్కముక్క తీసి అరచేతిలో పెట్టుకుంది.

"సింహాచలం, లే" అన్నాను నేను.

వాడు ఒక్క కన్ను తెరిచాడు. "అప్పా, మెల్లగా. ఊళ్లోదాకా మోయనీ. అందరూ వెళ్లిపోయాక చెప్తాను."

"తిరీ, నేను చెప్పేది మీ మావగారికి చెప్పు" అన్నాను. అది వక్క అని, వీడు నమిలాడని, కూతురి తలమీద చెయ్యి పెట్టి ఒట్టేసి తప్పాడని. ఆ పిల్ల మాట మాటా ఇంగ్లీషులో చెప్పింది. గొంతు ఒక్కచోట కూడా వణకలేదు. ఏడ్చుంటే నాకు బాగుండును.

అది విని నారింజకోట్లోళ్లు నవ్వడం మొదలెట్టారు. నవ్వి నవ్వి గడ్డిలో దొర్లారు. మంచోళ్లు. వాళ్లలో ఒక పొడుగాడు, ఇదెలాగుంటాదో నాకూ చూపించమన్నాడు. మీ తాతకి సిగ్గెక్కడిది, స్ట్రెచర్ మీద కూచునే పొగాకు దట్టించి ఒకటి కట్టి ఇచ్చాడు. ఆ పొడుగాడు నమిలాడు, బాగుందన్నాడు, నాలుగడుగులేసాడు, పాచిరంగుకి తిరిగి కూలబడ్డాడు. మీ తాతని దింపి వాణ్ని ఎక్కించుకుని పోయారు.

ఊ హ్యూ మాత్రం నవ్వలేదు. కోప్పడలేదు కూడా. ఫ్లాస్కు తీసుకుని మళ్లీ పైకెక్కాడు. ఏటి నీళ్లు పట్టి ఒక్కొక్క రాయీ వేళ్లతో కడిగాడు, పసిపిల్లకి మొహం కడిగినట్టు. ఎరుపు పోయింది. సున్నం పడ్డ చోట పాచి మాడి తెల్లబడిపోయింది, ఆ తెలుపు మాత్రం పోలేదు. మీ తాత పక్కన నిలబడి చూసాడు. అప్పుడు బుర్రలోకి దిగిందిరా వాడికి, ఏం చేసాడో. ఆ రాత్రే వాన దంచి కొట్టింది. ఒక్క పూట ముందు పడుంటే ఎవడికీ తెలీకపోను. అందుకే పడలేదు.

పెళ్లి ఆగుతాదని నేను నిద్రపోలేదు. ఆగలేదు. ఊ హ్యూ పెళ్లాం మీ తాతకి కొత్త చొక్కా కూడా కొనిపెట్టింది. ఊరు ఊరంతా మర్చిపోయింది.

కానీ అక్కడి పద్దతేటంటే, తండ్రి కూతురి చెయ్యి పట్టుకుని, అందరి మద్యలోంచి నడిపించుకెళ్లి పెళ్లికొడుకు పక్కన నిలబెడతాడు. మీ తాత దానికోసం ఇక్కడ తాకేటాలో, ఇదిగో ఈ వసారాలో, నా చెయ్యి పట్టుకుని నడక నేర్చుకున్నాడు. ఏ కాలు ముందెయ్యాలో నన్నడిగీవోడు. ఆ రోజు గుడి గుమ్మంలో కొత్త చొక్కా తొడుక్కుని, నోరు తెల్లగా తోముకుని, కుడి చెయ్యి చాపాడు.

తిరి ఆ చేతివైపు చూసింది. "నాన్నా, ఆ చెయ్యే కదా నా తలమీద పెట్టావు," అంది. అంతే అంది. వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

వాడు చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ నెల్ ఉంది కదా, ఆ రోజు నుంచీ వాణ్ని వదల్లేదు, తాను కనిపెట్టిన మనిషి కదా. గుమ్మంలో ఒకటే గోల. ఎవరో దాని తాడు తెచ్చి ఆ ఖాళీ చేతిలో పెట్టీసారు. కూతురు ముందు నడుస్తుంటే, మీ తాత వెనకాల కుక్కని పట్టుకుని నడిచాడు.