ఆరు గంటల ప్రయాణమని చెప్పాను

నాలుగు చాలవంటే ఎలా సార్? లెక్క చూసుకునే తెచ్చాను కదండీ. ఒక్కో బ్యాటరీ మూడు గంటలు వస్తుంది. ప్రయాణమేమో ఆరు గంటలు. దానికి ఒకటిన్నర రెట్లు ఉండాలని ఫోన్లో మీ ఎయిర్‌లైన్స్‌వాళ్లే చెప్పారు. అంటే తొమ్మిది. నేను పన్నెండు గంటలకి సరిపడా తెచ్చాను.

పద్నాలుగు గంటలా?

మళ్లీ ఒకసారి చూడండి. పొద్దున తొమ్మిదికి ఎక్కుతాం, మధ్యాహ్నం మూడింటికి దిగుతాం. టికెట్ మీదే ఉంది. ఆ మూడు… అక్కడి గడియారం ప్రకారమా.

అక్కడి గడియారం.

నేను బస్టాండులో ఎంక్వైరీ కిటికీ దగ్గర పనిచేస్తాను సార్. అరిచి అరిచే గొంతు ఇలా అయింది. బయల్దేరే టైము, చేరే టైము, ఇందులోంచి అది తీసేస్తే ప్రయాణం. రోజంతా నేను చెప్పేది అదే. మా బస్సు ఎంత దూరం పోయినా గడియారం మారదు కదా. పన్నెండు వేల కిలోమీటర్లని కూడా చూశాను. విమానం కదా, పోతుందిలే అనుకున్నాను.

అదిగో, స్తంభం పక్కన చక్రాల కుర్చీలో, ముక్కుకి గొట్టాలతో… మా అక్క. ఒళ్లో ఉన్న ఆ ఆక్సిజన్ మిషనుకి కొత్త మొగుడని పేరు పెట్టింది. మా బావలాగే రాత్రంతా గురక పెడుతుందట. ఆరు గంటలే అంటేనే, అయితే కూర్చోగలను అని ఒప్పుకుంది సార్, లేకపోతే గడప దాటేది కాదు.

అక్కడి ఆసుపత్రిలో ఊపిరితిత్తులు మార్పించుకునేవాళ్ల వరుసలో తనకి చోటు దొరికింది. రేపు పొద్దునకల్లా మనిషి కనపడకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. రేపటి విమానం ఎక్కితే అది చేరేసరికే గడువు దాటిపోతుంది. మళ్లీ వరుస వచ్చేదాకా ఈమె ఆగలేదని ఇక్కడి డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. అక్కకి తెలీదు.

సీటు దగ్గర ప్లగ్గు ఉంటుంది కదా? దాన్ని నమ్ముకోకూడదా. విమానంలో సిలిండర్లు? రెండు రోజుల ముందే అడగాలా. పోనీ, ఏం జరిగినా బాధ్యత మాదేనని రాసిస్తాను. మిషను తగ్గించి పెట్టి పడుకోబెడతాను. నిద్రలో కొంచెం గాలి చాలదూ?

చాలదు. తెలుసు. మొన్న నిద్రలో గొట్టం కాస్త జారిందో లేదో, గోళ్లు నీలమెక్కాయి.

అన్నా, మీకు చెల్లెలుందా? ఊరికే అడిగాను. వెనకవాళ్లని కాసేపు ఆగమనండి.

బ్యాటరీలు అద్దెకిచ్చే ఆయన సంచిలో ఏడు పెట్టాడు, మీరడిగే ఇరవై ఒక్క గంటలకీ సరిగ్గా సరిపోయేవి. ఊరి పేరు వినగానే, చాలా దూరం కదమ్మా, తీసుకెళ్లు, మిగిలితే మిగిలాయి అన్నాడు. మూడు తీసి బల్లమీద పెట్టింది నేనే. ప్రయాణం లెక్కలు నాకే చెప్తారా అని నవ్వాను కూడా. ఇప్పుడు ఫోన్ చేస్తుంటే ఎత్తడంలేదు. షాపు ఇంకా తియ్యలేదేమో. తీసినా ఊరికి ఆ చివర.

మీ చోట నేనున్నా ఎక్కనిచ్చేదాన్ని కాదు.

పాస్‌పోర్టులు ఇటివ్వండి. రెండూ. విమానం చెడిపోయిందని చెప్తాను అక్కకి. ఇటే చూస్తోంది. మీరేం మాట్లాడక్కర్లేదు సార్, కాస్త తలూపండి, చాలు.