బొమ్మలో పసుపు గీత

ఏమే గొడలీవ, నువ్వూ చూసొచ్చావా ఆ బొమ్మని? కూర్చో, కాఫీ పోస్తాను. ఊరంతా ఎగబడింది, నువ్వు మాత్రం ఎందుకు ఊరుకుంటావులే. బాగుంది అనకు. నా ముందు మాత్రం అనకు. ఆ రొట్టెల కొట్టు రోసలీ ఉందే, జేబురుమాలు కళ్లకద్దుకుంటూ "అబ్బ, బొమ్మలో ఎంత అందంగా కూలిందమ్మా మన సంత మేడ!" అంటోంది. అందంగా కూలడమేమిటే? జర్మన్ల గుండ్లు పడ్డ రోజు ఇదే రోసలీ పరుపు నెత్తిన పెట్టుకుని పందిపిల్లలా అరుస్తూ పరిగెత్తింది. ఇన్నేళ్లకి మేడ మళ్లీ కట్టారు. కొత్త రాళ్లు పాతవాటిలా కనబడాలని పనిగట్టుకుని మసి పూశారు. మళ్లీ అందులోనే కూలిన మేడ బొమ్మ తగిలించారు. కొత్త పెళ్లాం గదిలో చచ్చిన పెళ్లాం పటం పెట్టినట్టు.

ఆ గీసినవాడు ఇంగ్లీషు కెప్టెనట. పోయి చాలా ఏళ్లయిందిలే. సైన్యంలో బొమ్మలెయ్యడమే వాడి ఉద్యోగం. మడత కుర్చీ వేసుకుని, మంచి వెలుతురు చూసుకుని కూర్చున్నాడట. సిపాయిలు రాళ్లు తీసి దారి చేస్తుంటే "ఆగండి, నా బొమ్మ అయ్యేదాకా ఒక్క రాయి కదపకండి" అన్నాడట. నేను కల్పించింది కాదు, లండన్ నుంచి బొమ్మతో పాటు వచ్చిన పెద్దమనిషే గొప్పగా చెప్పాడు. మనవాళ్లు తలలూపారు. మేయరైతే మరీను, మెడ విరుగుతుందేమో అనుకున్నా.

మీ నాన్న... ఏం చెబుతున్నాను? ఆ, గడియారం. మేడ గోపురం మీది గడియారానికి కీ ఇచ్చేది మీ నాన్నేగా. అంతకు ముందున్నాయన ఒక్కసారంటే ఒక్కసారి మరిచిపోయాడు, గడియారం ఆగింది. అంతే, చచ్చేదాకా పిల్లాజెల్లా "ఏం బాబాయ్, టైమెంత?" అని ఏడిపించారు. ఈ ఊరు అలాంటిది. అది చూసి పెరిగాడు మీ నాన్న ఓడీల్. గుండ్లు పడుతున్నాయని పోలీసులు మమ్మల్ని బళ్లెక్కిస్తున్నారు, ఊరు ఖాళీ చేయమని. నువ్వు చంకలో ఉన్నావు. "ఇవాళ శనివారం, కీ ఇచ్చి వచ్చేస్తా" అన్నాడు. "ఎవడు చూస్తాడయ్యా టైము? కాకులా?" అన్నాను. నవ్వాడు. చెక్క చెప్పులు టకటకలాడించుకుంటూ పోయాడు. బండి కదిలిపోయింది.

తర్వాత రోసలీయే వచ్చి చెవిలో వేసింది. "చెప్పకూడదు గానీ వదినా, మీ ఆయన్ని ఫ్రాన్స్ రోడ్డు మీద చూశాను. లేసులల్లే మతిల్డె పక్కనే ఉంది." నమ్మాను. ఎందుకు నమ్మానంటే ఏం చెప్పను, బతికున్నాడన్న మాట కదా అది. తిట్టుకోవడానికైనా మనిషి ఉన్నాడు. నీ బడి గౌను ఆయన ఆదివారం కోటే, చింపి కుట్టాను, కసికొద్దీ. నిన్ను పారిపోయినవాడి కూతురని ఏడిపిస్తే ఏడిపించనీ అన్నాను. యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు మేడ గోడ రాయి మీద చెక్కేటప్పుడు ఆయన పేరు ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

నిన్న ఆ పెద్దమనిషి కర్రతో చూపిస్తున్నాడు. కూలిన గోపురం, కింద రాళ్ల గుట్ట, ఆ గుట్టలో ఓ మూల సన్నగా పసుపు గీత. "ఇక్కడ చూడండి, ఇంత వినాశనంలోనూ చిత్రకారుడు ఒక్క కిరణం ఉంచాడు. ఇదే ఆశ" అన్నాడు. బడిపంతులు దాన్నే మన మాటల్లో ఇంకాస్త సాగదీశాడు. ఆశట! దగ్గరికెళ్లి చూశాను. చెక్క చెప్పు అది. పగిలిన చెప్పుకి చుట్టిన రేకు. మీ నాన్నే చికోరీ డబ్బా మూత అంచు కత్తిరించి, మన వంటింట్లో కూర్చుని, నా కత్తెర పాడు చేసి మరీ కట్టుకున్నాడు. అంత సన్నని రేకుని చూసి గీసినవాడు, అందులో కాలుందో లేదో వంగి చూడలేదా? వెలుతురు పోతుందనుకున్నాడేమో మహారాజు!

మేయరుకి చెప్పాను, రాయి మీద ఆయన పేరు చెక్కించమని. "పద్దెనిమిదేళ్లయింది కదమ్మా. రంగు గీత చూసి రాతి మీద పేరు చెక్కమంటే ఎలా?" అన్నాడు. ఆ గుట్టలోని రాళ్లేమయ్యాయని అడిగాను. సంత వీధిలో పోసి చదును చేశారట. మనం రోజూ నడిచేదే. నేను ఆ గీత మీద వేలు పెట్టబోయాను. లండన్ పెద్దమనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. "ముట్టుకోకూడదమ్మా, చాలా విలువైంది" అన్నాడు. నా మొగుడి చెప్పు నేను ముట్టుకోకూడదట.

ఆ అలమార మీది గుండీల డబ్బా ఇలా అందుకో. పసుపుది. ఆ చికోరీ డబ్బాయే, ఆ రోజు బండిలో నాతో తెచ్చుకున్నది. చిన్నప్పుడు దాని మూతకి వేలు తెగిందని ఏడ్చేదానివి కదూ. చూడు, అంచు చుట్టూ...

జాగ్రత్త, ఇంకా పదునుగానే ఉంది. పొయ్యి మీద ఆలుగడ్డలు మాడుతున్నట్టున్నాయి, దించు ముందు.