ఢిల్లీ నుంచి మాస్కో ఆరుగంటలు

భిలాయి, సెక్టర్ 2. 1994 జనవరి, మధ్యాహ్నం ఒంటిగంటన్నర. పక్కింటివాళ్ళ ఫోను దగ్గర కనకలత. అటువైపు, స్టీలు ప్లాంటు ట్రైనింగుకని మాస్కో బయల్దేరిన భర్త సతీష్‌కుమార్. ఆమె వెనకాలే అత్తగారు జోగమ్మ.

"హాఁ హాఁ, దిగీసాను. మాస్కో నుంచే. అందరూ బాగున్నారా?"

"అప్పుడే దిగీసారా?"

"అప్పుడే ఏటి? పదింటికి ఢిల్లీలో ఎక్కాను, ఒంటిగంటన్నరకి దిగాను. టైమ్‌టేబుల్లో అలాగే ఉన్నాది."

"నాలుగువేల మూడొందల కిలోమీటర్లు, ఆరుగంటలు పడతాదని ఈధంతా మీరే కదండీ సెప్పారు?"

"సెప్పాను. అయితే?"

"పదీ ఆరూ ఎంత?"

"అరే, ఇక్కడ గడియారం రెండున్నర గంటలు ఎనక, కనకం."

"గడియారం ఎనకైతే ఇమానం ముందొచ్చీస్తాదా? ఆళ్ళకి ఒంటిగంటన్నరైతే మనకి నాలుగవ్వాల. ఈళ్ళ గోడ గడియారంలో ఇప్పుడు ఒంటిగంటన్నరే."

"లైను బాగోనేదు, పెట్టెస్తన్నాను..."

"పెట్టారంటే నా మీదొట్టే! ఎక్కడున్నారు?"

"ఏటే కనకలతా? ఏటంతన్నాడు నా కొడుకు? సలిగా ఉందా అక్కడ?"

"ఆఁ అత్తా, సలేనంట... సెప్పండి, ఎక్కడ?"

"అమ్మ పక్కనే ఉన్నాదా?"

"ఉన్నాది. నా కొడుకు ఇమానమెక్కాడని పొద్దున్నించి అందరికీ సెప్తానే ఉన్నాది. ఎక్కడండీ?"

"కుమ్హారిలో."

"కుమ్హారిలోనా! ఇక్కడికి టెంపోలో ముప్పావుగంట..."

"మెల్లగా! దుర్గ్ స్టేషన్లో దండలేసిన రోజు పొద్దున్నే నా పేరు కొట్టీసారు. మెడికల్‌లో పోయింది. గుండెలో ఏదో తేడా ఉందన్నారు. అప్పటికే ఫర్నేసోళ్ళు బాజాలు మాటాడీసారు, నువ్వు పెట్టె సర్దీసావు. ఎలా సెప్పను? రైలెక్కి, పక్కనే రాజనందగాఁవ్‌లో దిగిపోయి ఎనక్కొచ్చీసాను. మా ఫర్నేసు ఏసురత్నం గారి కొత్తింట్లో ఉంటన్నాను."

"గుండెకి బాగోకపోతే నాకు... నాకు కూడా సెప్పరా?"

"ట్రైనింగు ఆర్నెల్లే కదా. ఆర్నెల్లూ ఇక్కడే..."

"డ్యూటీ మానీసి ఆర్నెల్లా! మతుండే మాటాడతన్నారా? ఇంటికొచ్చీండి. ఇప్పుడే."

"ఏ మొకం పెట్టుకుని? కనకం, నీకు దండం పెడతాను, అమ్మకి సెప్పకు. అమ్మకి తెలిస్తే మరి నేను బతకను."

"అలా అనకండి..."

"ఆ ఫోనిలా తే, కనకలతా."

"లైను సరిగ్గా నేదత్తా..."

"తేయే. ఒరే సతీసూ."

"అమ్మా... దిగీసానమ్మా. ఇక్కడంతా మంచు..."

"అన్నం తిన్నావా?"

"తిన్నాను. ఇక్కడేదో పెడతన్నారు..."

"ఏసురత్నం మర్నాడే వచ్చి అంతా సెప్పీసాడ్రా. నీ అంతట నువ్వే సెప్తావని ఆగాను. నీ పరువు కోసం ఈధిలో అబద్ధాలాడతన్నాను. మూడ్రోజుల్నించి ఆడు తెచ్చే క్యారేజీలో నా సేతి పులుసే తింటన్నావు, గుర్తుపట్టనేదేట్రా నాన్నా?"