ఐదు డాలర్లు, ఒక సంతకం

“ఆంటీ, మీరు ఇక్కడ ఎలక్షన్‌కి చందాలు వసూలు చేసిన్రంట, నిజమేనా?”

నిజమే బిడ్డా. ఎవరు చెప్పిన్రు, మా కోడలా? కూసో చెప్త. మేం ఈ చాండ్లర్ ఊరికొచ్చి అప్పటికి పదిహేనేండ్లు. అంకుల్‌ది కంప్యూటర్ చిప్పుల కంపెనీల పని. నాకేమో ఇంగ్లీషంటే భయం. సిటిజన్ పరీక్షకు లైబ్రరీల ఒకామె పాఠం చెప్తుండె, డయాన్ అని, మూడో తరగతి టీచరు... కాదు కాదు, నాలుగో తరగతి. ఆమె చెప్పవట్టే నేను పాసైన.

మరుసటేడు ఆమె స్టేట్ ఎలక్షన్ల నిలవడ్డది. ఈ స్టేట్ల ఒక పద్ధతుండె, తెల్సా? పెద్దోళ్ల దగ్గర పైసలు తీస్కోనంటే ప్రచారానికి గవర్నమెంటే ఇస్తది. గని ముందుగాల ఆ ఏరియా ఓటర్లు రెండొందల మందికి పైన, తలా ఐదు డాలర్లిచ్చి సంతకం పెట్టాలె. ఐదు డాలర్లంటే అప్పుడు పాల క్యాను, బ్రెడ్డు రెండూ వస్తుండె. “యాభై మందిని నేను తెస్త” అని మాటిచ్చిన. మనోళ్లు ఇంతమంది ఉన్నరు గదా అనుకున్న.

పోతే ఏముంది, చానామందియి హెచ్‌వన్ వీసాలే, ఓటు లేదు. ఇయ్యబుద్ధున్నా ఇయ్యరాదు. శ్రీలత అని ఒక సాఫ్ట్‌వేరామె, “పైసలియ్యరాకుంటే కారన్న తోల్త ఆంటీ” అని గంత ఎండల ఓటున్న మనోళ్ల ఇండ్లకు నన్ను తిప్పింది. నాకు డ్రైవింగ్ రాదు మరి.

గడువు రెండ్రోజులుందనంగ నా యాభైల ఇంక ఇరవై మంది తక్కువ. మోటెళ్లున్న మన తెలుగాయనే ఒకాయన, “సంతకం పెడ్తరు గని ఐదు డాలర్లు తియ్యరు కొందరు. వాళ్లందరియి నేనిస్త అక్కా. గెలిచినంక నా పేరు యాదికుంటే సాలు” అని చేతిల నోట్లు వెట్టిండు. నాకు ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. డయాన్ దగ్గరికి తీస్కపోయిన. ఆమె కోపం చెయ్యలే. “రాజీ, సంతకం పెట్టేటోళ్ల ఫారం మీద ‘ఇది నా సొంత డబ్బు’ అని ఉంటది. నీ మనుషులతోని అబద్ధం రాయించి నేను నిలవడలేను” అన్నది. సిగ్గయ్యి తెల్లారే ఆయనవి ఆయనకిచ్చేసిన.

ఇగ మిగిలింది మా వీధే. అన్నేండ్లున్నా పక్కింటోళ్లతోని హాయ్ తప్ప మాట లేదు. మెక్సికో ముసలాయన ఒకాయన, మాన్యుయేల్, ఆయన తలుపు కొట్టిన. నేర్సుకున్న ఇంగ్లీషంత పోయింది. “ఫైవ్ డాలర్స్, ప్లీజ్, టీచర్” అన్న. ఆయన నవ్వి, లోపల కూసోబెట్టి, అన్నీ నిమ్మళంగ అడిగి తెల్సుకున్నడు. “నేను కూడ పరీక్ష రాసే సిటిజనైన” అని సంతకం పెట్టిండు. పెట్టి ఊకోలే, టోపీ వెట్టుకొని నా ఎంబడే ఇల్లిల్లు తిరిగిండు. మర్నాటి సాయంత్రానికి సంతకాలు ఇరవై దాటినయ్.

“గెలిచిందా ఆంటీ?”

లేదు బిడ్డా, కొద్దిల ఓడింది. తెల్లారి బడికి పోయింది, పిల్లలకు పాఠం చెప్పింది. నేనే ఏడ్సిన.

గని జూడు, మూడేండ్లకు అంకుల్‌కి గుండె ఆపరేషనైతే, నేనెవరికి ఫోన్ చెయ్యలే, వాళ్లే వచ్చిన్రు. మాన్యుయేల్ భార్య నెలరోజులు బీన్స్ వండి తెచ్చింది. ఎదురింటాయన దవాఖానకు తోల్కపోయిండు. డయాన్ అయితే సెలవు వెట్టి నా పక్కన కూసున్నది. సంతకాలు అడగవోతే గింతమంది నావోళ్లయిన్రు. ఏం చేసుకున్న పుణ్యమో...

నీకు గూడ ఈడ ఓటొచ్చే రోజు రావాలె బిడ్డా. ఎవరో ఒకరు తలుపు తీసేటోళ్లు దొరకాలె నీకు. సల్లగుండు.