కంబగిరి కండలు, ఓబులేసు గుండు

కంబగిరి అని ఒకడుండె, గుట్టకిందిపల్లెలో. మనిషి ఎంత సన్నమంటే గాలి తోలిన పొద్దు వాళ్ళమ్మ వాన్ని చెయ్యి పట్టుకోని ఇంట్లోకి తీసకపోయేదంట. తిండి తక్కువా అంటే అదేం లేదు, మూడు పూటలా సంగటి ముద్దలు మింగుతాడు, మింగినవి యాడికి పోతాయో ఎవరికీ తెలీదు. ఆ పిల్లోనికి ఉండేది ఒకే ఒక్క కోరిక. వాళ్ళ మేనమామ ఓబులేసుకు కూతురుండాది, సుంకులమ్మ అని, ఆ పిల్లను చేసుకోవల్లని. ఆ పిల్లకూ ఇష్టమే, చిన్నప్పటి నుంచి బావా బావా అని ఎంటబడి తిరిగిన పిల్ల కదా. వరసైన పిల్ల, ఇద్దరికీ మనసుంది, ఇంకేమడ్డం అంటారేమో. అడ్డముంది. అది ఓబులేసు ఇంటి ముందర వాకిట్లోనే ఉంది, నల్లగా, గుండ్రంగా.

ఏమైందంటే, ఆ ఇంటోళ్ళకు ఒక కట్టుబాటంట. వాళ్ళింటి ఆడపిల్లను చేసుకునేటోడు ఎవడైనా సరే, వాకిట్లో ఉండే రాతి గుండు ఎత్తి భుజం మింద పెట్టుకోని మూడు సుట్లు తిరగల్ల. తిరిగితేనే తాంబూలం. కంబగిరి నాయన గూడా అట్ల తిరిగే ఓబులేసు అక్కను చేసుకున్యాడు. తిరిగినాక నడుము పట్టుకోని మూడు నెలలు మంచం దిగలేదంటారు, అది వేరే కతలే. ఇప్పుడు ఈ పిల్లోడు పోయి, మామా, నాకు సుంకిని ఇయ్యి అన్యాడనుకో. ఓబులేసు వాన్ని కిందికీ మీదికీ చూసి, అల్లుడా, నిన్ను కాదంటే మా అక్క నా గడప తొక్కదు, అందుకని కాదనను, గానీ నువ్వు ఆ గుండు పక్కన నిలబడితే ఏది దేన్ని ఎత్తుతాదో నాకే అనుమానంగా ఉంది, లావు కావల్లప్పా నువ్వు, లావు. వచ్చే ఉగాది దాకా చూస్తా, ఆపొద్దు ఎత్తలేకపోతే వంకొడ్డుపల్లెలో ఒక పిల్లోడుండాడు, వాళ్ళకు మాటిచ్చేస్తా అన్యాడంట. కంబగిరి తలూపుకుంటా వచ్చేసినాడు. వాని చెవిలో పడింది ఒకటే మాట, లావు.

సక్కంగా దస్తగిరి వస్తాదు కాడికి పోయినాడు. ఊరి బయట కొట్టంలో గరిడీ పెట్టి పిల్లోళ్ళకు కసరత్తు నేర్పించేది ఆయప్పే. వస్తాదూ, నన్ను లావు చెయ్యి అన్యాడు. లావు కావల్లనా అని అడిగినాడు వస్తాదు. ఆ, లావే. ఇంకేమన్నా కావల్లనా? ఏమొద్దు వస్తాదూ, లావు చాలు. ఇంక ఆయప్ప ఏం చేస్తాడు, అడిగింది ఇచ్చినాడు. చేతికి పట్టేంత గుండ్లు రెండు ఇచ్చి, ఎత్తు, దించు, ఎత్తు, దించు, పొద్దుకు రెండు నూర్ల తూర్లు, చేతులు మంట పుట్టల్ల, ఊపిరి తీసుకున్యాంక మళ్ళా ఎత్తు. ఉలవలు తిను, చెనిక్కాయలు తిను, గుడ్లు తిను, కడుపు నిండినాక ఇంకో ముద్ద తిను, తిని పడుకో. కంబగిరి అట్లనే చేసినాడు. ఒక పొద్దు గూడా మానలేదు. ఎత్తినాడు, తిన్యాడు, పడుకున్యాడు. లేసినాడు, ఎత్తినాడు, తిన్యాడు. వాళ్ళమ్మ సంగటి కెలికే కట్టె రెండు తూర్లు విరిగింది.

మూడు నెలలకు చొక్కా చంకల కాడ పిగిలింది. ఆరు నెలలకు మనిషి వాకిట్లో నుంచి లోపలికి పోవల్లంటే పక్కకు తిరిగి పోతాండాడు. ఈపు గోక్కుందామంటే చెయ్యి అందదు, కండ అడ్డం. వాళ్ళమ్మ కందికట్టె ఒకటి చెక్కి ఇచ్చింది గోక్కోను. ఊర్లో వాని మర్యాదేమి, వాని రాజసమేమి. పెండ్లి ఊరేగింపులో ముందర నడిపిస్తారు. ఎవరన్నా కొట్లాడుకుంటే పిలుచుకోని పోతారు, వాడేమీ మాట్లాడపనిలేదు, ఉత్తగా పోయి నిలబడితే చాలు, అయిపాయ, ఎవరిండ్లకు వాళ్ళు పోతారు. వాడు గూడా తక్కువోడా, పొద్దు వాలినప్పుడు నీడ పొడుగ్గా పడుతుంది కదా, ఆ నీడ భుజాలు చూసుకుంటా నడిచేటోడు. ఒక తూరి అట్ల చూసుకుంటా పోయి ఎరువు గుంతలో పడినాడు. నగబాకండి, మీరు పడలేదా ఏమి ఎప్పుడూ.

దీపావళి వచ్చింది. ఇంక ఉగాది దాకా ఆగేదేంది, ఈపొద్దే ఎత్తేస్తా అనుకోని, ఒళ్ళంతా నూనె పట్టించుకోని, ఊరిని ఎంటబెట్టుకోని మామ వాకిట్లోకి పోయినాడు. ఓబులేసు గూడా చూసి జడుసుకున్యాడంట, వీడు గుండుతో పాటు నా ఇల్లు గూడా ఎత్తకపోతాడేమో అని. కంబగిరి వంగినాడు. గుండును రెండు చేతులా పట్టినాడు. కండలన్నీ ఉబ్బినాయి, మెడ నరాలు లేసినాయి, చూసేటోళ్ళంతా ఊపిరి బిగబట్టినారు. గుండు కదల్లేదు. ఇంకో తూరి పట్టినాడు. కదల్లేదు. మూడో తూరి పట్టేసరికి నూనె చేతులు సర్రుమని జారి వెల్లకిలా పడినాడు. ఓబులేసు నగినాడు చూడు, తలగుడ్డ ఊడి కింద పడిందంట, దాన్ని ఎత్తుకోను వంగి, వంగినోడు గూడా నగుతానే ఉండాడు. వాకిలి కాడ నిలబడిన సుంకులమ్మ మాత్రం నగలేదు. మొగం చిన్నబోయింది, లోపలికి పాయ.

కంబగిరి ఏడుపు మొగమేసుకోని వస్తాదు కాడికి పోయినాడు. నన్ను మోసం చేసినావు వస్తాదూ అన్యాడు. వస్తాదు నింపాదిగా తాంబూలం నముల్తా, నువ్వేమడిగినావురా అన్యాడు. లావు. అయినావా? అయినా. మళ్ళా బలం అడిగినావా? కంబగిరి తన కండ తానే పిసికి చూసుకున్యాడు. రెండూ ఒకటి కాదా వస్తాదూ అని అడిగినాడు మెల్లగా. అక్కాచెల్లెళ్ళురా అవి, ఒకదాన్ని పిలిస్తే రెండోది గూడా రోంత యెనక వస్తాది, గానీ పిలిచిందే ముందర వస్తాది, నువ్వు రెండోదాన్ని పిలవనేలేదు అన్యాడు. అయితే ఇప్పుడు పిలువు అని కాళ్ళు పట్టుకున్యాడనుకో. వస్తాదు కాలు యెనక్కి తీసుకున్యాడు. బలానికి పెద్ద గుండు కావల్ల, నా కాడ ఉండె, పోయిన యేడు నా కాలి బొటనేలు మింద పడింది, ఆపొద్దే బాయిలో యేయించినా, ఇంక నా కొట్టంలో లావు తప్ప ఇంకేమీ దొరకదప్పా అన్యాడంట.

ఇంక నా బతుకింతే అనుకున్యాడు కంబగిరి. ఆ మంగళవారం పొద్దున్నే, వెలుగు వస్తానే, సుంకిని ఒక్క తూరి చూసి, నువ్వు వంకొడ్డుపల్లె పిల్లోన్నే చేసుకో అని చెప్పి వచ్చేద్దామని పోయినాడు. ఓబులేసు అప్పుటికే ఎద్దులు తోలుకోని చేనికి పోయినాడు. కంబగిరి గడ్డివామి యెనక నిలబడినాడు. రోంతసేపుకు ఆ పిల్ల పేడబక్కెట, పొరక తీసుకోని బయటికొచ్చింది. వచ్చి, చీర ఎగ్గట్టింది. గుండు కాడికి పోయి గొంతుక్కూచునింది. గుండును పసిబిడ్డను అదుముకున్నట్ల పొట్టకు అదుముకునింది, ఒక ఊపిరి లోపలికి పీల్చి బిగబట్టింది, లేసి నిలబడింది. గుండు ఆ పిల్ల ఒళ్ళో ఉంది. తీసకపోయి అరుగు పక్కన దించింది. అది ఉన్న చోట ఊడ్చింది, కళ్ళాపి చల్లింది, అలికింది, ముగ్గేసింది. అవతల పొయ్యి గూడా అలికొచ్చి, మళ్ళా గుండును ఎత్తి దాని చోట దాన్ని పెట్టింది. గడ్డివామి యెనక నుంచి కంబగిరి ఉన్నోడు ఉన్నట్లే బయటికొచ్చినాడు.

సుంకీ, ఏందిది అన్యాడు. ఆ పిల్ల ఉలిక్కిపడి, ఎవరన్నా చూస్తారు, అరవబాక బావా అనింది. ఎప్పుటి నుంచి ఎత్తుతాండావు? పదేండ్లప్పుడు అవ్వ చెప్పింది బావా, గుండు కింద తేళ్ళు చేరతాయి, మంగళారం శుక్కురారం కింద అలకల్లని. మొదట్లో దొర్లిస్తాంటి, ఒక యేడుకు ఒక పక్క లేసె, ఇంకో యేడుకు మోకాలి దాకా వచ్చె, ఇప్పుడు అలవాటైపాయ. మామకు తెలుసా? నాయనకెందుకు తెలుస్తాది, నాయన వాకిలి ఊడ్చేది ఎప్పుడు చూసినాడు? కంబగిరి ఆ పిల్ల చేతులు చూసినాడు. తన చేతిలో మూడో వంతు లేవు. నీకు కండలేవే అన్యాడు. ఉండేకాడ ఉండాయిలే, నీకు కనపడవు అని మూతి తిప్పింది. తర్వాత అడిగింది, నువ్వు గరిడీలో ఎంత బరువు ఎత్తుతావు బావా? ఒక కోడిపుంజంత ఉంటాదేమో. ఎన్ని తూర్లు? రెండు నూర్లు. అయితే నీకు రెండు నూర్ల కోడిపుంజుల్ని ఒక్కొక్కటిగా ఎత్తే బలం వచ్చింది, మా వాకిట్లో ఉండేది కోడిపుంజు కాదు కదా బావా అనింది.

ఆపొద్దు నుంచి ఆ పిల్లే వస్తాదు. రోజూ మేకల్ని తోలుకోని వాగు వంకలోకి పోయేది కదా, అక్కడ రాళ్ళకు కొదవా. మొదట మేకపిల్లంత రాయి చూపించింది. తర్వాత మేకంత. తర్వాత కుడితి తొట్టంత. చేతుల్తో లాగబాక, తొడల్తో లెయ్యి. వంగబాక, కూచో. పొట్టకు అదుముకో, రాయికీ నీకూ మధ్యలో గాలి గూడా దూరకూడదు. ఊపిరి బిగబట్టు, లెయ్యి. మూడు తూర్లు లేసినాడు. చాలు, కూచో అనింది. నాకు అలుపు రాలేదు సుంకీ, ఇంకో ముప్పై తూర్లు ఎత్తుతా అన్యాడు. ఇంకో ముప్పై తూర్లు ఎత్తగలిగితే అది చిన్న రాయని అర్థం, ఇంకా పెద్దది ఎత్తు, మూడు తూర్లే, ఎత్తి కూచో, మేకలు ఆ కంప తిని ఈ కంపకు వచ్చేదాకా లేయకూడదు అనింది. ఆ కూచునేదే వానికి నరకం. చేతులు ఊరుకోవు, మంట పుట్టల్ల వానికి, మంట పుట్టకపోతే ఏమీ చేసినట్లే లేదు. ఆ పిల్ల కట్టె పట్టుకోని కాపలా కూచునేది వాడు లేయకుండా.

అయితే ఏమైందంటే, ఆ రెండు నూర్లు మానినాక, ఆ ఉలవలు గుడ్లు రోంత తగ్గినాక, చేతుల్లో పొంగు దిగిపాయ. చొక్కా వదులైపాయ. ఊర్లో వాళ్ళు, ఏమప్పా కంబగిరీ, జ్వరమొచ్చిందా అని అడగబట్టినారు. పెండ్లి ఊరేగింపులో ముందర ఇంకొకన్ని నిలబెట్టినారు. వాళ్ళమ్మ దిష్టి తీసి మిరపకాయలన్నీ కాల్చేసింది, ఆ ఘాటుకు వీధి వీధంతా దగ్గినారు. వానికి బాధ లేదంటారా, ఉంది. వాగులో నీళ్ళల్లో నీడ చూసుకోని ఒక తూరి కండ్లల్లో నీళ్ళు పెట్టుకున్యాడు. పోయి చిన్న గుండ్లు ఎత్తుకుందామా అని గరిడీ దాకా గూడా పోయినాడు. పోయి, కొట్టం బయట నిలబడి, లోపల చెనిక్కాయలు వేయించే వాసన పీల్చుకోని, మళ్ళా వంకలోకి వచ్చేసినాడు. నాకు కండలు కావల్నా సుంకి కావల్నా అని తనను తానే అడిగినాడంట. జవాబు బిరీన రాలేదంట గానీ, వచ్చింది.

ఉగాది వచ్చింది. ఊరంతా ఓబులేసు వాకిట్లో ఉంది. ఓబులేసు మేనల్లున్ని చూసి తల కొట్టుకున్యాడు. కొండంత ఉన్నప్పుడే కాలేదు, సగానికి కరిగిపోయి వచ్చినావు, పోప్పా, పచ్చడి తిని పో అన్యాడు. కంబగిరి గుండు కాడికి పోయినాడు. ఈసారి నూనె లేదు. మన్ను చేతులకు రుద్దుకున్యాడు. గొంతుక్కూచున్యాడు, పొట్టకు అదుముకున్యాడు, ఊపిరి బిగబట్టినాడు. గుండు లేసింది. తొడ మిందికి వచ్చింది, రొమ్ము మిందికి వచ్చింది, భుజం ఎక్కింది. ఒక సుట్టు, రెండు సుట్లు, మూడు సుట్లు. దించినాడు. అప్పుడు లేసింది కేక. వాళ్ళమ్మ ఏడ్చింది, ఎప్పుడూ నగని వస్తాదు గూడా నగినాడు, కాలు మాత్రం గుండుకు దూరంగా పెట్టుకోని.

ఓబులేసుకు మింగుడుపడలేదు. అది కాదప్పా, ఇరవై అయిదేండ్లుగా ఎవరూ కదిలించని గుండును ఈ సన్నోడు ఎట్ల ఎత్తినాడు, ఏదో మాయుంది అన్యాడు. అరుగు మింద కూచున్న అవ్వ, ఆయప్పను కన్న తల్లి, నోట్లో పండ్లు లేవు గానీ మాటకు తక్కువ లేదు, రేయ్ ఓబులా, ఎవరూ కదిలించలేదా, వారానికి రెండు తూర్లు కదుల్తాది, నీ కూతురు కదిలించకపోతే ఈపాటికి నీ కాలికి ఎన్ని తేళ్ళు కుట్టిండునో అనింది. ఊరు ఊరంతా సుంకులమ్మ దిక్కు తిరిగింది. ఆ పిల్ల తల వంచుకోని, కింద అలకొద్దా మరి నాయనా అనింది. ఓబులేసు మొగం చూడల్ల. గుండును చూసినాడు, కూతుర్ని చూసినాడు, అల్లున్ని చూసినాడు. చూసి చూసి, అయితే ఈడు నా కూతురంత బలమోడే గానీ అంతకు మించినోడేం కాదు అన్యాడు. కంబగిరి చేతుల మన్ను దులుపుకుంటా, అంతే మామా, అంతకు మించి నేనూ ఆశపడలేదు అన్యాడు. అప్పుడు ఓబులేసు ఏమనుకున్యాడో ఏమో, తలగుడ్డ తీసి కండ్లు తుడుచుకోని తాంబూలం తట్ట తెప్పించినాడు.

పెండ్లయిపాయ. సుంకులమ్మ అత్తగారింటికి పాయ. ఆ మంగళారం అవ్వ పొరక తీసుకోని పోయి కొడుకు ముందర పెట్టిందంట, గుండు కింద ఎవరు అలకల్ల అని. ఓబులేసు వంగినాడు, పట్టినాడు, నడుము పట్టుకోని లేసినాడు. శుక్కురారం పొద్దున వంకలో ఎవరో మేకపిల్లంత రాయిని పొట్టకు అదుముకోని మూడు తూర్లు లేసి, కూచోని, మేకలు అవతలి కంపకు ఎప్పుడు పోతాయా అని చూస్తాండారంట. ఎవరో మీరే చెప్పుకోండి. ఇదప్పా సంగతి. మీకు లావు కావల్లంటే లావు అడగండి, తప్పేం లేదు, చూడను బాగుంటాది. బలం కావల్లంటే బలం అడగండి. అడిగేముందు మీకేం కావల్నో తెలుసుకోని అడగండి. నాకు మాత్రం ఇప్పుడు రెండూ వద్దు, ఎవరన్నా పట్టి లేపితే చాలు, మోకాళ్ళు బిగుసుకోని పోయినాయి. నువ్వు కాదులే అబ్బోడా, చొక్కా చేతులు అంత బిగువుగా కుట్టించుకున్యావు, నిన్ను నమ్మను. రోజూ బిందెలు మోసే ఆ పాపను రమ్మను.